టేపులో మిగిలిపోయిన అంతస్తు

పోయిన వారం మనం మెట్లమ్మను మ్యూజియం గుమ్మంలో నిలబెట్టి చక్కా వచ్చేశాం. ఒక చేతిలో కళ్లజోడు డబ్బా, ఇంకో చేతిలో అక్క మోచెయ్యి. మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ల కోసం రెండు ముక్కలు. ఒకప్పుడు చవక వీడియో ఆటలను క్యాసెట్ల మీద అమ్మే కంపెనీ ఒకటి ఉండేది. మెట్లమ్మ అందులో ఆటలు రాసేది. అక్క భర్త, అంటే మెట్లమ్మకు బావగారు, దాని యజమాని. కంపెనీ మూతపడి ఒక తరం దాటింది, బావగారూ పోయారు. మెట్లమ్మ రాసిన ఆఖరి ఆటకు ముగింపే లేదని, అది ఆవిడ పొరపాటని, ఆ పొరపాటే కంపెనీని ముంచిందని లోకం అనుకుంది. లోకం కంటే ముందు ఆవిడే అనుకుంది. రేపు మ్యూజియంలో ఆ కంపెనీ పేరున ఒక గది తెరుస్తున్నారు. ఆఖరి ఆట కింద పెట్టే పలక మీద "రచయిత్రి పొరపాటు వల్ల అసంపూర్తిగా మిగిలింది" అని రాయమని పట్టుబట్టిందీ ఆవిడే. పలక తయారైంది, గోడకు కొట్టడమే తరువాయి. సరిగ్గా అప్పుడు ఎవరో ఆ ఆట అసలు టేపును పేరూ ఊరూ లేని పొట్లంలో చుట్టి మ్యూజియం గేటు దగ్గర పెట్టి వెళ్లారు. ఆ టేపు వినడానికే మెట్లమ్మ వచ్చింది.

గదిలోకి అడుగుపెట్టగానే ఆవిడ కాళ్లు ఆగిపోయాయి.

ఎదురుగా గోడ, గోడ నిండా క్యాసెట్లు. నేల నుంచి కప్పు దాకా, ఈ మూల నుంచి ఆ మూల దాకా, ఒక్కోదాని వెనక ఒక చిన్న దీపం పెట్టి అమర్చారు. కిరీటం పెట్టుకున్న కప్ప. గొడుగుల దొంగ. చంద్రుడి మీద పోస్ట్‌మ్యాన్. నిద్రపట్టని కోడిపుంజు. వీటిలో సగానికి పైగా తన చేత్తో రాసినవే. అయినా అన్నింటినీ ఒక్కచోట ఆవిడ ఎన్నడూ చూడలేదు. చూసే తీరిక ఎక్కడిది? ఒక ఆట పెట్టెల్లోకి ఎక్కుతుండగానే ఇంకో ఆట బొమ్మ బల్ల మీదకి వచ్చి కూర్చునేది.

"అమ్మ బాబోయ్," అంది మెట్లమ్మ. కాసేపటికి, "ఇన్ని మనమే చేశామా అక్కా?" అంది.

"చేసింది మీరు. పాలు పొంగబెట్టుకుంది నేను," అంది అక్క.

ఆ పాల సంగతి చెప్పకుండా ముందుకు వెళ్తే నాకే నిద్రపట్టదు. బావగారు మొదట పాటల కోసం ఖాళీ క్యాసెట్లు అమ్మేవారు. ఒకరోజు పెద్ద దుకాణం అద్దం వెనక పెద్ద కంపెనీ వాళ్ల ఆట ఒకటి, అట్టపెట్టెలో, సింహాసనం మీద రాజుగారిలా కొలువై ఉండటం చూశారు. దాని ధర చూసి ఒక తండ్రి కూతురి చెయ్యి పట్టుకుని మారుమాట లేకుండా వెనక్కి తిరిగాడు. ఆ పిల్ల మాత్రం వీధి మలుపు దాకా తల వెనక్కి పెట్టే నడిచింది. బావగారు ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని, "ఆట అద్దం వెనక ఉండకూడదు. దువ్వెన పక్కన వేలాడాలి," అన్నారు. అక్కకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఏడాది తిరక్కుండా ఆయన ఆటలు నిజంగానే మంగలి షాపుల్లో దువ్వెనల పక్కన, పెట్రోలు బంకుల్లో, పెన్నులూ పెన్సిళ్లూ అమ్మే కొట్లలో వేలాడాయి. జేబులో మిగిలిన చిల్లరకు ఒక ఆట. పెద్ద కంపెనీలవాళ్లు పకపకా నవ్వి "చిల్లర కంపెనీ" అని పేరు పెట్టారు. బావగారు ఆ పేరునే అట్ట మీద అచ్చు వేయించారు.

పని తీరు కూడా ఆ పేరుకు తగ్గట్టే ఉండేది. అందరూ ఆట చేశాక అట్ట మీదకి బొమ్మ గీయిస్తారు. వీళ్లకు బొమ్మ ముందు, ఆట తర్వాత. బొమ్మలాయన ఖాళీగా ఉంటే జీతం దండగ కాబట్టి ఆయన మనసుకు తోచింది గీసి పడేసేవాడు. కప్పకు కిరీటం పెట్టాడనుకోండి, ఆ కిరీటం ఎందుకొచ్చిందో మెట్లమ్మ తల బద్దలు కొట్టుకుని ఆట అల్లేది. ఏ బొమ్మ ఇచ్చినా ఆవిడ ఆటలో ఎక్కడో ఒకచోట మెట్లు వచ్చి తీరేవి. ఆ పేరు అలా వచ్చింది. ఇక తయారైన ఆటకు పరీక్ష అక్క వంటింట్లో. పొయ్యి మీద పాలు పెట్టి అక్క ఆట ముందు కూర్చునేది. ఆటలో పడి పాలు పొంగబెట్టుకుంటే ఆట పాసు. పాలు సమయానికి దించేసిందంటే మెట్లమ్మ మళ్లీ మొదటి నుంచి రాయాల్సిందే. ఆ గోడ మీద ఉన్న క్యాసెట్లన్నీ అక్క పొయ్యి తుడుచుకున్న లెక్కే.

"మేడమ్, కూర్చోండి. అన్నీ సిద్ధం చేశాం," అంది క్యూరేటర్. నలభై దాటిన మనిషి, గట్టి కళ్లద్దాలు, మెడలో మ్యూజియం కార్డు. గది మధ్యలో బల్ల మీద పాత కంప్యూటరు, దాని పక్కన టేపు రికార్డరు, ఎదురుగా పొట్ట ముందుకు పొడుచుకొచ్చిన పాతకాలం టీవీ. గోడకు ఆనించి నేల మీద ఆ పలక. మెట్లమ్మ దాన్ని చూడనట్టు నటించింది.

బల్లకు అటుపక్క స్టూలు మీద కూర్చున్న మనిషి లేచి నిలబడ్డాడు. సన్నగా, పొడుగ్గా, జుట్టంతా తెల్లబడి ఉన్నాడు. మెట్లమ్మ ఒక్క క్షణం పోల్చుకోలేదు. ఆయన చెయ్యి గుండె మీదకు వెళ్లి, అక్కడ ఏదో వెతికి, ఖాళీగా కిందికి దిగింది. అది చూశాక పోల్చుకుంది. కత్తెరాయన! టేపుల గదిలో కాపీలు తీసి, టేపు కోసి, క్యాసెట్లకు చుట్టే మనిషి. మెడలో తాడుకు కత్తెర వేలాడదీసుకుని తిరిగేవాడు. ఆ తాడు లేకపోయినా చెయ్యి ఇంకా దాన్ని వెతుక్కుంటోంది.

"బాగున్నారా మెట్లమ్మగారూ?"

"ఏదో ఇలా ఉన్నాను. పొట్లం మీరే పంపించారు కదూ?" మెట్లమ్మకు చుట్టూ తిప్పి మాట్లాడటం చేతకాదు.

"నేనా!" కత్తెరాయన కళ్లు పెద్దవయ్యాయి. "నా దగ్గరుంటే ఇన్నాళ్లు ఊరుకునేవాణ్ణా? మీరు పంపించారనుకునే నేను వచ్చాను. ఆ టేపును నా గదిలోంచి అయ్యగారే తీసుకెళ్లారు. మళ్లీ నా కంటపడలేదు."

"అవును, బావే తీసుకెళ్లాడు. విన్నాడు కూడా." మెట్లమ్మ కుర్చీలో కూలబడింది. "జనం క్యాసెట్లు తిప్పి పంపడం మొదలెట్టారు కదా. ఆటలో మేడంతా ఎక్కాం, ఆఖరి తలుపు తెరుచుకోవట్లేదు, మోసం చేశారు అని. నేను బావ దగ్గరికి పరిగెత్తాను. ఆయన అప్పటికే అసలు టేపు విన్నాడట. 'అందులోనే రెండో సగం లేదమ్మా, నువ్వు ఎక్కించడం మర్చిపోయావు' అన్నాడు. ఒక్క మాట కోప్పడలేదు. చీవాట్లు పెట్టినా బాగుండేది."

అక్క పక్క కుర్చీలో కూర్చుని చేతిసంచి జిప్పు లాగుతూ, మళ్లీ మూస్తూ ఉంది.

పోనీ, ఇంట్లో ఇంకో కాపీ ఉంటే సరిచూసుకోవచ్చు కదా అని మీరు అడగొచ్చు. చిల్లర కంపెనీలో అదెక్కడ కుదురుతుంది? అసలు టేపు చేతికి ఇచ్చిన మరుక్షణం రాసుకున్న టేపు చెరిపేసి, దాని మీదే తర్వాతి ఆట మొదలెట్టాలి. అది అక్కడి ఆచారం. అందుకని బావగారి మాటే వేదం అయిపోయింది. మెట్లమ్మ మళ్లీ ఒక్క ఆట రాయలేదు. బడిలో లెక్కలు చెప్పుకుంటూ బతికింది. గ్యాస్ కట్టేశానా లేదా అని వీధి చివరి నుంచి వెనక్కి వచ్చి చూసుకునే మనిషి అయిపోయింది. తాళం వేసి మూడుసార్లు లాగి చూసేది. పిల్లల పరీక్ష పేపర్లు దిద్ది, మళ్లీ దిద్ది, ఇంకో టీచరుకు చూపించేది. తన చేతిని తనే నమ్మకుండా ఒక ఆడమనిషి ఇన్నేళ్లు ఎలా నెట్టుకొచ్చిందో తలుచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది.

"ఒక మాట చెప్పనా మేడమ్?" అంది క్యూరేటర్, టేపును పెట్టెలోంచి తీస్తూ. "చిన్నప్పుడు నా సెలవులన్నీ మీ మేడ ఎక్కడంతోనే సరిపోయాయి. ఆఖరి తలుపు దాకా వెళ్లేదాన్ని. ఎంత కొట్టినా తెరుచుకునేది కాదు."

"బాగా తిట్టుకుని ఉంటావు."

"ఎందుకు తిట్టుకుంటాను? ఇంత కష్టపడి ఎక్కినా తెరవట్లేదంటే లోపల ఇంకెంత గొప్పది ఉందో అనుకునేదాన్ని. రాత్రి పడుకుని కళ్లు మూసుకుంటే ఆ తలుపే. పాత వస్తువుల మధ్య ఈ ఉద్యోగం వెతుక్కుని మరీ చేరానంటే ఆ తలుపు వల్లేనేమో."

మెట్లమ్మ ఆ మనిషిని ఎగాదిగా చూసింది. తను సిగ్గుతో చచ్చిపోయిన తలుపు ముందు ఇంకొకరు ఆశగా నిలబడి పెరిగారా? అలాంటిది ఒకటి జరగొచ్చని ఆవిడకు కలలో కూడా తట్టలేదు.

"సరే, పెట్టమ్మా," అంది చివరికి. "లేదని తేలితే ఆ పలక కొట్టేసి నన్ను ఇంటికి పంపించెయ్యండి. మళ్లీ మళ్లీ రాలేను."

క్యూరేటర్ టేపు పెట్టి మీట నొక్కింది.

ముందు బుసబుస. ఆ తర్వాత కూత. ఇనప రేకు మీద మేకు గీసినట్టు, దాని మీద ఇంకెవరో బఠాణీలు ఒలకబోసినట్టు. ఆ కాలంలో ఆట ఇలా కూతగానే టేపు మీద ఉండేది, కంప్యూటరు దాన్ని విని ఆటగా మార్చుకునేది. మామూలు మనుషులు చెవులు మూసుకునే చప్పుడు. ఇక్కడున్న ముగ్గురు ముసలివాళ్లూ మాత్రం సంగీత కచేరీలో కూర్చున్నట్టు కూర్చున్నారు. టీవీ అంచుల మీద రంగు చారలు పరిగెత్తాయి. మెట్లమ్మ పెదవులు కదులుతున్నాయి. ఇది మొదటి అంతస్తు, ఇవి కిటికీలు, ఇవి మెట్లు అని ఆ కూతలో ఆవిడ గుర్తు పట్టేస్తోంది. కత్తెరాయన కళ్లు మూసుకున్నాడు.

కూత ఆగింది.

గదిలో ఒక్కసారి నిశ్శబ్దం. టేపు మాత్రం గిర్రున తిరుగుతూనే ఉంది.

కత్తెరాయన కళ్లు తెరవలేదు. తెరవకుండానే ఆయన కుడిచెయ్యి దానంతట అది ముందుకు వెళ్లి, టేపు ఆపే మీట మీద వాలింది. ఎడమచెయ్యి గుండె దగ్గర లేని కత్తెర కోసం లేచింది. "అయిపోయింది," అన్నాడు.

"ఆపకండి!" మెట్లమ్మ ఆ చెయ్యి పట్టుకుని లాగేసింది. ఎంత గట్టిగా లాగిందంటే పాపం ఆయన స్టూలు మీంచి పడబోయాడు.

"అయిపోయింది కదండీ! కూత ఆగింది."

"అది అయిపోవడం కాదండీ, నేను పెట్టిన ఖాళీ!"

"ఖాళీ ఏమిటి?"

"మేడ పెద్దది. కంప్యూటరు పొట్ట చిన్నది. మొదటి సగం మింగాక కాస్త సర్దుకోవాలి, అప్పుడు గానీ రెండో సగానికి చోటు ఉండదు. మొదటి బంతి వాళ్లు లేచాక విస్తళ్లు తీసి, నేల తుడిచి, రెండో బంతి వేయమూ? అలా సర్దుకోవడానికని మధ్యలో కాసేపు ఏమీ ఎక్కించకుండా వదిలాను. ఆ ఒక్క ఆటకే."

కత్తెరాయన తిరుగుతున్న టేపు వైపు చూశాడు. మొహంలో రంగు మారింది.

"ఏమైందండీ?" అంది క్యూరేటర్.

"టేపు వృథా కాకూడదని అయ్యగారి మాట," అన్నాడాయన, ఒక్కో మాటా కూడదీసుకుని. "ఆట ఎంతో టేపు అంతే. కూత ఆగినచోట కొయ్యి అన్నారు. చేరిన రోజు నుంచీ అలాగే కోశాను. ఏ ఆటకీ మధ్యలో కూత ఆగలేదు. ఆగితే అయిపోయినట్టే. మెట్లమ్మగారూ, నేను... నేను మొదటి కాపీని ఇక్కడే కోశాను. కోసిన దాన్నే లెక్కగా పెట్టుకుని కాపీలన్నీ..."

"మీరు కొలబద్దతో కొలిచి కోస్తారనుకున్నాను నేను," అంది మెట్లమ్మ.

"కొలబద్దా? చెవే కదండీ నా కొలబద్ద!"

ఒక గోడకు అటు ఒకరు, ఇటు ఒకరు అన్నేళ్లు పనిచేశారు. రోజూ ఒకే కెటిల్లో టీ తాగారు. ఆయన ఎలా కోస్తాడో ఈవిడ అడగలేదు, ఈవిడ మధ్యలో ఊపిరి తీసుకుంటుందని ఆయనకు తెలియదు. పైగా మెట్లమ్మది వల్లమాలిన జాలి గుణం. ఎవరి టేపైనా పాడైపోయి రెండో సగం అందకపోతే పిల్లలు ఏడుస్తారని, అందినంతవరకే ఆట మొదలయ్యేలా రాసింది. లేకపోతే ఆట అసలు మొదలయ్యేదే కాదు, లోపం మొదటి రోజే బయటపడేది. ఆ జాలే ఆవిడ కొంప ముంచింది.

కత్తెరాయన ఇంకా ఏదో చెప్పబోతుండగా టేపు మళ్లీ కూసింది.

నలుగురూ ఉలిక్కిపడ్డారు. అదే కూత. ఇనప రేకు, మేకు, బఠాణీలు. టీవీ అంచుల మీద రంగు చారలు మళ్లీ లేచి పరుగందుకున్నాయి. ఉంది! రెండో సగం ఉంది! తను ఎక్కించింది, మర్చిపోలేదు. మెట్లమ్మ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుపో నవ్వో ఆవిడకే తెలియని చప్పుడు ఒకటి వేళ్ల మధ్య నుంచి వచ్చింది. గ్యాస్ కట్టేసే ఉంది. తాళం వేసే ఉంది. ఇన్నేళ్లూ వేసే ఉంది.

క్యూరేటర్ లేచి వెళ్లి, గోడకు ఆనించిన పలకను వెనక్కి తిప్పి పెట్టింది.

"క్షమించండమ్మా," అన్నాడు కత్తెరాయన. "మీ బతుకు మీద కత్తెర పెట్టాను."

"ఊరుకోండి. మీకు తెలిస్తే కదా! నాకు తెలిస్తే కదా!" మెట్లమ్మ కళ్లు తుడుచుకుని గట్టిగా నవ్వింది. "బావ కూడా మీలాగే చేసి ఉంటాడు. కూత ఆగగానే ఆపేసి ఉంటాడు. అందుకే లేదన్నాడు. పిచ్చి బావ! ఇంకాసేపు కూర్చుంటే సరిపోయేది కదా. పోనీలెండి, ఆయన తప్పూ కాదు."

అక్క చేతిసంచి జిప్పు ఆగిపోయింది. అది ఎవరూ గమనించలేదు.

"ఆడదామా మేడమ్?" అంది క్యూరేటర్. ఆవిడ గొంతు చిన్నపిల్ల గొంతులా ఉంది.

ఆడింది. క్యూరేటర్ వేళ్లకు ఆ మేడ ఇంకా గుర్తే. ఎక్కడ మెట్టు విరిగి ఉంటుందో, ఏ కిటికీలోంచి గొడుగు ఎగిరొస్తుందో చూడకుండానే ఎక్కేస్తోంది. టీవీలో చిన్న మనిషి, నాలుగు గీతలూ ఒక చుక్కా, చకచకా పైకి పోతున్నాడు. మెట్లమ్మ తన పనిని పరాయిదానిలా చూసింది. అంత చిన్న పొట్ట ఉన్న కంప్యూటరులో అంత పెద్ద మేడ ఎలా పట్టించాను? ఏ ధైర్యంతో రాశాను? అప్పటి తనను ఇప్పుడు వీధిలో చూస్తే నమస్కారం పెట్టేదేమో.

ఆఖరి తలుపు వచ్చింది. క్యూరేటర్ వేళ్లు ఆగాయి.

"ఇక్కడి దాకానే," అంది.

"కొట్టు," అంది మెట్లమ్మ.

చిన్న మనిషి తలుపు కొట్టాడు. ఒకసారి కొట్టాడు, ఇంకోసారి కొట్టాడు. తలుపు తెరుచుకుంది.

క్యూరేటర్ నోటి వెంట "హా" అని ఒక్క ఊపిరి వచ్చింది. తలుపు అవతల గది లేదు. మేడ మీద డాబా. నల్లటి ఆకాశం. ఆ ఆకాశంలో ఒకటి, రెండు, పది, ఇంక లెక్కపెట్టలేనన్ని చుక్కలు ఒక్కొక్కటే వెలిగాయి. అంత ఆకాశం ఆ పాత టీవీలో ఎక్కడి నుంచి వచ్చిందో! మేడ అవతలి వైపు మెట్ల మీంచి ఎవరో ఎక్కి వస్తున్నారు. ముందు కిరీటం పెట్టుకున్న కప్ప, గెంతుకుంటూ. దాని వెనక గొడుగుల దొంగ, చంకలో గొడుగుతో. పోస్ట్‌మ్యాన్. కోడిపుంజు. గోడ మీద ఉన్న క్యాసెట్లలోంచి ఒక్కొక్కరే దిగి వస్తున్నట్టు, చిల్లర కంపెనీ అమ్మిన ప్రతి ఆటలోంచీ ఒకరు. వచ్చి డాబా అంచున వరుసగా కూర్చుంటున్నారు. కూర్చుని చిన్న మనిషి వైపు తిరిగి చేతులు ఊపుతున్నారు. చెయ్యి లేనివాళ్లు తోక ఊపుతున్నారు.

కత్తెరాయన గోడను చూశాడు, టీవీని చూశాడు, మళ్లీ గోడను చూశాడు. "అందరూ వచ్చారు," అన్నాడు. "ఒక్కళ్లనీ వదల్లేదు మీరు."

క్యూరేటర్ కళ్లద్దాలు తీసి పక్కన పెట్టేసింది. చెంపల మీద నీళ్లు కారుతున్నా తుడుచుకోలేదు. తలుపు వెనక గొప్పది ఉందని ఆవిడ చిన్నప్పుడు అనుకుంది చూశారూ, అనుకున్న దానికంటే గొప్పదే ఉంది. ఎందరు మనుషులకు అలా జరుగుతుంది చెప్పండి? నాకైతే జరగలేదు.

మెట్లమ్మ కుర్చీ చేతిని గట్టిగా పట్టుకుంది. ఇక మిగిలింది ఒక్కటే. అది ఆవిడ ఎవరికీ చెప్పలేదు. బావగారిని ఆశ్చర్యపరచాలని దాచిపెట్టింది. ఆట విడుదలయ్యాక ఆయన్ను కూర్చోబెట్టి, తన చేత్తో ఆడించి చూపించాలనుకుంది. ఆ రోజు రానే లేదు.

"ఇప్పుడు కుర్చీ వస్తుంది చూడు," అంది అక్క.

చాలా మామూలుగా, టీలో పంచదార సరిపోయిందా అని అడిగినట్టు అంది.

"ఖాళీ కుర్చీ. కప్ప పక్కన. అది మీ బావకి."

టీవీలో ఒక్కో గీతా పడుతోంది. ముందు రెండు కాళ్లు, తర్వాత ఇంకో రెండు, ఆ మీద కూర్చునే పలక, వీపు ఆనించుకునే చట్రం. కప్ప పక్కన ఖాళీ కుర్చీ వచ్చి నిలబడింది. డాబా మీద కూర్చున్నవాళ్లంతా దాని వైపు తిరిగారు.

మెట్లమ్మ మెల్లగా తల తిప్పింది. "అక్కా, నీకెలా తెలుసు?"

అక్క టీవీనే చూస్తోంది.

"పాల పరీక్షలో చూశావా? అప్పుడు పై దాకా ఎక్కావా?"

"నేనెప్పుడు ఎక్కానే పై దాకా? మొదటి మెట్ల దగ్గరే పాలు పొంగేవి." అక్క సంచిలోంచి జేబురుమాలు తీసింది, తుడుచుకోకుండా చేతిలోనే పెట్టుకుంది. "జనం క్యాసెట్లు తిప్పి పంపుతున్న వారం. ఈ టేపు మీ బావ ఇంటికి తెచ్చాడు. ఇద్దరం వంటింట్లో కూర్చుని చూశాం. ఖాళీ దాటాం, తలుపు దాటాం, అంతా చూశాం. ఆ కుర్చీ రాగానే ఆయన లేచి పెరట్లోకి వెళ్లి చాలాసేపు రాలేదు."

టీవీలో కప్ప ఇంకా చెయ్యి ఊపుతోంది.

"అయితే..." అంది మెట్లమ్మ. "అయితే బావకి తెలుసా? అందులో రెండో సగం ఉందని తెలిసే, లేదని చెప్పాడా నాకు? నువ్వు కూడా..."

"టేపు బాగానే ఉందని మాకు ఆ రోజే తెలుసు. నీ తప్పు రవ్వంత కూడా లేదని తెలుసు. ఇన్నాళ్లూ నా బీరువాలోనే ఉంది. గేటు దగ్గర పెట్టింది నేనే."

"ఎందుకక్కా?" ఆ మాట అరుపులా వచ్చింది. "నా కళ్ల ముందే నేను అలా చచ్చిపోతుంటే చూస్తూ కూర్చున్నావా? ఎందుకు?"

అక్క మొదటిసారి టీవీ మీంచి కళ్లు తిప్పింది. చెల్లెలి వైపు కాదు. బల్లకు అటుపక్క, ఖాళీ చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్న కత్తెరాయన వైపు చూసింది.

"చెప్తాను. చెప్పాలనే వచ్చాను. ముందు ఆయన్ని కాసేపు బయట కూర్చోమను. ఆయన ముందు నోరు విప్పనని మీ బావకి మాటిచ్చాను."

కత్తెరాయన స్టూలు అంచులు రెండు చేతులతో పట్టుకున్నాడు.

"నేను కదలను," అన్నాడు.